ఆయ్ అనని మనిషి

మొన్న అమలాపురం నించి బస్సులో వస్తున్నాను. నా ముందు సీట్లో ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన చేతిలో గొడుగూ ముక్కుమీద కళ్ళజోడూ చూస్తే మేష్టారని తెలిసిపోతోంది. ఆయన పక్కాయనకి మా ఊరి పేరెలా వచ్చిందో చెపుతున్నాడు. పూర్వం ఓ ముని సముద్రపొడ్డున ఒంటికాలిమీద తపస్సు చేస్తే, దేవుడు కనపడకుండా ఆకాశంలోంచి 'విన్నాను' అన్నాడట. అందుకని అది విన్నానపాలెం అయిందట. పక్కాయన చక్కగా తలూపుతూ, "ఆయ్, ఆయ్" అంటూ వింటున్నాడు.

ఆ 'ఆయ్' చెవిన పడేసరికి, "దేనికండీ ఆయ్?" అని నా నోటిదాకా వచ్చి ఆగింది. అది నా మాట కాదు. మా పెద్దత్తగారిది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో వేళ్ళమీద లెక్కపెట్టబోతే రెండు చేతులూ చాల్లేదు. అన్నేళ్ళ తరవాత నా నాలిక మీదకి ఆవిడ మాట వచ్చి కూచుంది.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పుస్తకాల్లో ఏముంటుందో నాకు తెలీదు. కానీ మా ఊరి పేరు మునివల్ల రాలేదు. మా పెద్దత్తగారివల్ల వచ్చింది. అదీ ఆవిడకి బొత్తిగా ఇష్టం లేకుండా వచ్చింది.

మా కోనసీమలో 'ఆయ్' అంటే ఏంటో ముందు చెప్పాలి. పైవాళ్ళు అది 'అవును' అనుకుంటారు. కాదు. 'సరే' అనుకుంటారు. అదీ కాదు. ఎదటి మనిషి మాట్లాడుతుంటే మనం బెల్లంకొట్టిన రాయిలా కూచోకూడదు కదా. చెప్పండి, వింటున్నాను, మీరు పెద్దవారు, మీ మాటంటే నాకు గౌరవం. ఇదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే 'ఆయ్'. వాన పడేట్టుందంటే ఆయ్. మీ మేక మా పాదు తినేసిందంటే ఆయ్. నీ మొహం మండా అన్నా మావాళ్ళు ముందు ఆయ్ అని, తరవాత ఏంటన్నారండీ అని అడుగుతారు.

అలాంటి గడ్డమీద పుట్టి, డెబ్భై ఏళ్ళు బతికి, ఆయ్ అనని మనిషి ఆవిడొక్కత్తే.

మా అత్తగారికి అక్క, నాకు పెద్దత్తగారు. మా పక్క పాకే ఆవిడది. పొట్టి మనిషి. నీళ్ళ బిందె ఎప్పుడూ ఒకే చంకనెత్తి ఎడంపక్క కొంచెం ఒరిగిపోయి ఉండేది. ఇసకలో నడిచి నడిచి కాలివేళ్ళు విసినకర్రలా విచ్చుకుని ఉండేవి. అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోట్లోపలికి పెట్టి. ఆ చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, పాటకూడా పాడేది. ఒక్క సందర్భంలోనే బయటికి తీసేది. ఎవరైనా ఆవిడ ముందు 'ఆయ్' అంటే చుట్ట రెండు వేళ్ళతో పట్టి తీసి, వాళ్ళ మొహంలోకి చూసి, "దేనికి?" అనేది. అంతే. మళ్ళీ చుట్ట లోపల.

తను మాత్రం ఎవరేం చెప్పినా "విన్నానండి" అనేది. చిన్నవాళ్ళయితే "విన్నానమ్మా". చేపలావిడ గట్టుమీంచి కేకేసి మాగలు తెచ్చేను కావాలా అంటే "విన్నానమ్మా". కావాలో వద్దో తరవాత చెప్పేది. మా పెద్దమావగారు నవ్వుతాలకి అనేవారు, ముప్పై ఏళ్ళు కాపరం చేసేను, నా మాటలన్నీ విన్నదే గానీ ఒక్కదానికీ ఒప్పుకోలేదు అని. దానికి కూడా ఆవిడ "విన్నాను" అనే అంది.

నేను ముమ్మిడివరం దగ్గర్నించి కాపరానికొచ్చేను. మాది మర్యాదకి పెట్టింది పేరయిన ఇల్లు. మాట్లాడితే ఆయ్, మాట్లాడకపోయినా ఆయ్. వచ్చిన రోజు ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నన్ను చూస్తుంటే ఆవిడ ముందుకొచ్చి, దారిలో ఎండ తగిలిందా అమ్మాయ్ అని ఆపేక్షగానే అడిగింది.

"ఆయ్" అన్నాను.

చుట్ట బయటికొచ్చింది. "దేనికి? ఎండ తగిలిందనా, అడిగినందుకా?"

తలొంచుకుని మళ్ళీ "ఆయ్" అన్నాను. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆవిడ మటుకు నవ్వలేదు. మా అత్తగారి వేపు తిరిగి, "ఈ పిల్ల నోరు జాగర్తగా చూసుకో. మన కొంప మీదకి తెస్తాది" అంది. కొత్త కోడల్ని అంత మాటంటుందేంటని నాకు కళ్ళనీళ్ళు తిరిగేయి. ఎందుకందో తెలుసుకోడానికి నాలుగు నెలలు పట్టింది.

ఓ రోజు ఇద్దరం కూచుని కొబ్బరాకుతో తడక అల్లుతున్నాం. అప్పుడు తనంతట తనే మొదలెట్టింది.

మా ఊరికి సముద్రం వేపు ఇంకో పాత ఊరుండేదట. ఆవిడ తండ్రి పెళ్ళికాని రోజుల్లో ఉప్పెనొచ్చి ఆ ఊరు ఊరంతా ఊడ్చుకుపోయింది. మిగిలిన కొద్దిమందీ తాటితోపులో ఉన్న ఈ ఇసక మెరకమీదకి ఎగబాకేరు. నీరు వెనకాలే వచ్చింది. మెరక సగం దాకా ఎక్కి, అక్కడ ఆగింది. ఆవిడ తండ్రి చేతిలో పడవ గెడ ఉందట. నీరాగిన చోట ఆ గెడ దిగేసి, "నీరాగింది" అన్నాడట. ఆ రోజు నించీ అది నీరాగమెరక. పోయినవాళ్ళకి ఏడవడం అయ్యాక, ఆ గెడ పక్కనే మొదటి పాక వేసుకున్నారు. ఇది చెపుతూ పెద్దత్తగారు కాలి బొటనవేలితో ఇసకలో అడ్డంగా గీత గీసేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ గీత గియ్యకుండా చెప్పేది కాదు.

తరవాత ఆవిడకి ఏడెనిమిదేళ్ళప్పుడు సర్వే అమీను గారొచ్చేరట. కామందు గారింటి నించి కుర్చీ తెచ్చి వేసేరు. వానాకాలంలో కామందు గారి పశువులు మెరక కింద పర్రలో, ఆ పల్లపు బీట్లో, మేసేవి. అందుకని అమీను గారు రాసుకుంటూ తలెత్తకుండా, ఏవోయ్, ఇది కామందు గారి దొడ్డే కదా, అని అడిగేరు. ఆవిడ తండ్రి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఒంగి, "ఆయ్" అన్నాడు.

"ఆయ్, అలాగంటారండి, గానీ మేం నీరాగమెరక అంటామండి, అని చెప్పబోయేడే మా నాన్న" అంది పెద్దత్తగారు. "ఆయ్ అయింది. 'గానీ' అనేలోపల అమీను గారు రాసేసుకుని లేచిపోయేరు. ఆ 'గానీ' మా నాన్న గొంతులోనే ఉండిపోయింది. నేను ఆయన పంచె పట్టుకునే ఉన్నాను. చూసేను."

ఆ ఒక్క ముక్కతో కాగితంలో అది దొడ్డి అయిపోయింది. పశువుల దొడ్డి. అందులో ఉన్నవాళ్ళు కామందు గారి దొడ్లో ఉన్నట్టే లెక్క. కబురొస్తే గడపకి ఒకరు చొప్పున ఆయన తోటలోకి పనికెళ్ళాలి. పక్క ఊళ్ళవాళ్ళు మావాళ్ళని 'దొడ్డోళ్ళు' అనేవారు. ఆవిడ తండ్రి పోయినప్పుడు గెడ పాతిన చోటే పూడ్చి, చుట్టూ ఆల్చిప్పలు పేర్చేరు. ఆయన పోయేముందు కూతురికి చెప్పిందేవీ లేదట. ఆవిడే అనుకుంది, ఈ ముక్క ఇక నా నోట రాకూడదని.

జమీలు పోయేక సర్కారువారు ఏ భూమి ఎవరిదో మళ్ళీ కొత్తగా రాసుకోడం మొదలెట్టేరు. మా మెరక్కి విచారణ ఫలానా రోజని తలారి తప్పెట కొట్టి చెప్పేడు. ఆ తప్పెట చప్పుడు అణగకముందే కామందు గారి మనుషులు దిగేరు. నాలుగు బళ్ళమీద మొలకెత్తిన కొబ్బరి మొక్కలు తెచ్చి మెరక అంచున నీడలో వరసగా దించేరు. తాడు పట్టుకుని, అడుగులు కొలిచి, రేపు మొక్క ఎక్కడ పాతాలో అక్కడ కర్ర మేకు దిగ్గొట్టేరు. పాక అడ్డమొస్తే పాకలోనే కొట్టేరు. మా ఇంట్లో పొయ్యి పక్కన, నేను కూచుని వండే పీట ఉండే చోట, ఒక మేకు దిగింది. వండేటప్పుడల్లా నా మోకాలికి తగిలేది. అది పీకితే ఊరుకోమని గుమాస్తా గారు మెత్తగానే చెప్పి వెళ్ళేరు. ఆ గుమాస్తా గారు కామందు గారి వ్యవహారాలన్నీ చూసే మనిషి. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడ్డం నేను వినలేదు.

సంగతేంటంటే, ఈసారి కాగితంలో ఇది మళ్ళీ దొడ్డి అయితే పదిహేడు పాకలూ లేచిపోవాలి. కాదు, ఇది మనుషులు కాపరముండే ఊరు అని గ్రామకంఠం కింద రాస్తే ఎవరూ కదపలేరు. రెండిటికీ మధ్యన ఉన్నది మేం చెప్పే జవాబు. మా నోళ్ళు చూస్తేనేమో ఇలాంటివి.

పెద్దత్తగారు పది రోజులు మాకు బడి పెట్టింది. సరుగుడు చెట్ల కింద రోలు బోర్లించుకుని కూచుని, తనే అధికారిలా ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలడిగేది. ఎంత మర్యాదగా అడిగేదంటే ఆవిడేనా అనిపించేది. బాగున్నారా, పిల్లలెంతమంది, వానలు పడ్డాయా, ఇది కామందు గారి దొడ్డే కదా? అంతే, "ఆయ్" అని పడేది. "దేనికి?" అనేది ఆవిడ. మళ్ళీ మొదట్నించి.

ముసలి తాతొకాయన మొరపెట్టుకున్నాడు, పెద్దవారు మాట్లాడుతుంటే ఆయ్ అనకపోతే మొహం మీద తిట్టినట్టుంటది కదే అని. ఏం అడిగినా 'విన్నానండి' అనమంది ఆవిడ. అందులోనూ అండి ఉంది, మర్యాదకేం తక్కువ అంది. ఏం అడిగినా సరే, అది తప్ప ఇంకో ముక్క నోట రాకూడదు, తెలిసిందా అంది.

"ఆయ్" అన్నారు అందరూ ఒక్కసారి.

ఆవిడ చుట్ట తీసి రోలుకేసి రాసి ఆర్పేసింది. ఆ రోజుకి బడి అయిపోయింది.

నెమ్మదిమీద అందరికీ వచ్చింది, నాకు తప్ప. నా నోట్లో చిన్న గవ్వ పెట్టుకుని తిరగమంది. ఆయ్ అనబోతే నాలిక్కి గవ్వ తగిలి గుర్తొస్తుందని. నేను గవ్వతో సహా ఆయ్ అన్నాను. ఆఖరికి ఆవిడే, విచారణ రోజున నువ్వు పాకలోంచి బయటికి రాకు తల్లీ, నీకు జొరం అని చెపుతాం, అంది.

ఆ రోజు పొద్దుటే తాసిల్దారు గారొచ్చేరు. కడప వేపు మనిషట. ఆయన రైటరుదీ ఆ వేపే. మళ్ళీ కామందు గారింటి కుర్చీయే వచ్చింది. దాన్ని చూసి పెద్దత్తగారి మొహం ఎలా అయిందో తడక సందులోంచి నాకు కనపడింది. గుమాస్తా గారు కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నించుని, మా వాళ్ళకి అధికారుల మాట అర్థం కాదండి, నేనడుగుతాను, తమరు వినండి అన్నారు. ఒక్కొక్కరినీ పిలిచి తేనెలా అడిగేరు.

ఏం తాతా, కామందు గారి దొడ్లో బాగానే ఉన్నావు కదా?

"విన్నానండి."

తరవాత మనిషి. "విన్నానండి." ఆ తరవాత మనిషి. "విన్నానండి." తాసిల్దారు గారు కనుబొమలు ముడేసేరు. వీళ్ళందరికీ ఎవరో నూరిపోసేరని గుమాస్తా గారు ఆయన చెవిలో చెప్పేరు. ఎండ ముదిరింది. పాకలు చూస్తానని తాసిల్దారు గారు లేచేరు. మేకుల వరస పట్టుకుని నడుస్తూ నడుస్తూ సరిగ్గా మా గుమ్మంలోకొచ్చి, పొయ్యి పక్క మేకు చూసి నించున్నారు. దాహంగా ఉంది, మంచినీళ్ళిస్తావా అమ్మా అన్నారు.

నీళ్ళడిగిన మనిషికి లేవనడం ఎలా. కొత్త కుండలోంచి ముంచి ఇచ్చేను. ఆయన గడగడా తాగి, మూతి తుడుచుకుని, ఆశ్చర్యపోతూ, "సముద్రం పక్కన, ఈ దొడ్డిలో, నీళ్ళు ఇంత తియ్యగా ఉండాయే" అన్నారు.

"ఆయ్" అన్నాను.

అన్న తరవాత నాకే వినపడింది. గుమాస్తా గారు గుమ్మం దగ్గర నించుని, నెమ్మదిగా, ఎవరినీ నొప్పించని గొంతుతో, ఇంటావిడే దొడ్డి అని ఒప్పుకుందండి, ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు అన్నారు. రైటరు కలం కాగితం మీద కదిలింది. ఈ పిల్ల మన కొంప మీదకి తెస్తాది అన్న మాట చెవుల్లో హోరుమంది.

పెద్దత్తగారు నా వేపు చూడను కూడా చూడలేదు. చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకుని, తిన్నగా గుమాస్తా గారి దగ్గరికొచ్చి నించుంది. ఇంత మెత్తగా ఆవిడ మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

"గుమాస్తా గారూ, తమరి నాన్నగారు నాకు బాగా ఎరికండి."

"ఆయ్" అన్నారాయన.

"ఎంత మంచి మనిషండీ. పొద్దుటే గొడుగేసుకుని ఈ గట్టంట వచ్చేవోరు."

"ఆయ్, ఆయ్."

"వొచ్చి, మా నాన్న పక్కన చతికిలబడి, ఇది కామందు గారిది కాదురా, నీరాగమెరకేరా, మీదేరా అనేవోరు."

"ఆయ్..."

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే గుమాస్తా గారి చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. అప్పటికే అయిపోయింది. పెద్దత్తగారు రైటరు వేపు తిరిగింది.

"రాయండి బాబూ. మా కోడలి ఆయ్ రాసేరు కదా. ఈ బాబుగారి ఆయ్ కూడా రాయండి."

రైటరు తాసిల్దారు గారి మొహం చూసేడు. తాసిల్దారు గారు గుమాస్తా గారి మొహం చూసేరు. ఆవిడ వేపు తిరిగి, అంటే ఇక్కడ ఆయ్ అంటే అవునని కాదా అమ్మా, అని అడిగేరు.

"కాదండి. మీ మాట చెవిని పడిందని. మా నాన్న విన్నానన్నాడు. అమీను గారు ఇచ్చేసేనని రాసుకున్నారు."

తాసిల్దారు గారు రైటరు చేతిలో కాగితం తీసుకుని, నా ఆయ్ ఉన్న చోట తనే అడ్డంగా గీత కొట్టేరు. "ఈ ఊర్లో ఎవరు ఆయ్ అన్నా రాయొద్దప్పా" అన్నారు. గుమాస్తా గారు ఏదో చెప్పబోయి, అలవాటు చొప్పున ఆయ్‌తో మొదలెట్టి ఆగిపోయేరు. ముసలి తాత అంత ఎండలోనూ కిసుక్కుమన్నాడు.

సరే, ఆయ్ సంగతి అలా ఉంచు, దొడ్డి కాదనేదానికి నీ దగ్గర ఏముంది అని తాసిల్దారు గారు అడిగేరు. ఆవిడ ఆయన్ని మెరక వారకి తీసికెళ్ళింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆల్చిప్పల వరస దగ్గర నించుని, ఇది మా నాన్నండి, పక్కది మా అమ్మ, అవతలివి ఫలానా ఫలానావారు అని ఒక్కొక్కటే చూపించింది. చివర చిన్న చిన్న దిబ్బలు నాలుగున్నాయి. వాటి దగ్గర మటుకు ఎవరని చెప్పలేదు. అందులో రెండు ఆవిడ బిడ్డలవే.

"దొడ్లో పశువుల్ని కడతారు గానీ మనుషుల్ని పూడుస్తారాండీ" అంది.

ఆయన తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. రైటర్ని పిలిచి, ప్రతీ ఇంటికీ వెళ్ళి ఇంటి యజమాని పేరూ, ఈ చోటు పేరూ అడిగి రాసుకు రమ్మన్నారు. ఆవిడేమో తన తండ్రి గెడ సంగతి చెపుతూ బొటనవేలితో గీత గీస్తూ ఆయన దగ్గరే ఉండిపోయింది.

తప్పు అక్కడే జరిగింది. రైటరు ఎండకి సగం చచ్చి ఉన్నాడు. వెనకాలే గుమాస్తా గారు. రైటరు గుమ్మంలో నించుని, తలారిని అడిగి ఇంటి యజమాని పేరు రాసుకుని, ఈ చోటు పేరేమి అంటాడు. గుమాస్తా గారు పక్కనించి, దొడ్డే కదమ్మా అంటారు. మాకు ఆవిడ నేర్పింది ఒక్కటే ముక్క. రెండో ముక్క ఎప్పుడు చెప్పాలో నేర్పలేదు. నీరాగమెరక అని చెప్పాలని ఒక్కళ్ళకీ తోచలేదు. పదిహేడు గుమ్మాల్లోనూ ఒకటే జవాబు. మా గుమ్మంలోకొచ్చేసరికి నేను పమిట బిగించి, పళ్ళు బిగించి, జన్మలో మొదటిసారి ఆయ్ మింగి, "విన్నానండి" అన్నాను. నేనూ నేర్చేసుకున్నానని ఎంత గర్వపడ్డానో. రైటరు తల పంకించి రాసుకుని వెళ్ళిపోయేడు.

ఏం రాసుకున్నాడో మాకు తెలిసేసరికి మూడు నెలలయింది. ఆ మూడు నెలలూ కొబ్బరి మొక్కలు మెరక అంచున అలాగే ఉన్నాయి. ఆకులు పైకి లేస్తూ ఉంటే రోజూ పొద్దుట వాటిని చూసి మాకు అన్నం సయించేది కాదు. మేకు నా మోకాలికి తగులుతూనే ఉంది.

ఆఖరికి లాకుల దగ్గర బంగళాకి రమ్మని కబురొచ్చింది. ఆడా మగా అందరం వెళ్ళేం. కామందు గారి తరఫున గుమాస్తా గారూ, ఆయన పక్కన నల్లకోటు ప్లీడరొకాయనా నించున్నారు. తాసిల్దారు గారు బల్ల వెనక కూచుని కాగితం చదివేరు.

"విన్నానపాలెం. గ్రామకంఠం. పదిహేడు ఇళ్ళు."

గ్రామకంఠం అనగానే మా వెనక ఎవరో ఏడ్చేరు. నేను మటుకు పెద్దత్తగారినే చూస్తున్నాను. ఆవిడకి మొదటి మాట వినపడింది. మాకు ఇంకో ఊపిరి పట్టింది అది తలకెక్కడానికి. పదిహేడు గుమ్మాల్లో మేమన్న మాటని రైటరు ఊరి పేరనుకున్నాడు. దాని చివర పాలెం తగిలించేడు. నీరాగమెరకంటే ఆ గెడ పాతిన చోటు పేరే అని తాసిల్దారు గారు అనుకున్నట్టున్నారు.

తాసిల్దారు గారు తలెత్తి, పేరూ హద్దులూ సరిగా ఉన్నాయా, తప్పుంటే ఇప్పుడే చెప్పండి అన్నారు. పేరులో తప్పుంటే కాగితం వెనక్కి పోతుంది, మళ్ళీ మొదట్నించి విచారణ జరగాలి అన్నారు. ఆ మాటకి నల్లకోటు ఆయన ఒక అడుగు ముందుకేసేడు. గుమాస్తా గారు చేతులు కట్టుకుని, పెద్దత్తగారి నోటివేపే చూస్తూ చిన్నగా నవ్వుతున్నారు. ఆయనకి తెలుసు. ఆ పేరు కోసం ఈవిడ నోరు తెరిస్తే చాలు.

ఆవిడ పెదవులు కదిలేయి. 'నీ' అనే దాకా వచ్చినట్టు నాకు కనపడింది. నేను దగ్గరికెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని ఏం చెప్పదలిచేనో నాకు తెలీదు. చెప్పమనా, వద్దనా. ఆవిడ నా మొహం చూసింది. వెనక్కి తిరిగి తాతనీ, చంటిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళనీ చూసింది. అరవయ్యేళ్ళనాడు తండ్రి పంచె పట్టుకున్న చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

"ఆయ్" అంది.

తాసిల్దారు గారు కలం ఎత్తేరు గానీ కాగితం మీద పెట్టలేదు.

"ఇది విన్నాననా అమ్మా, అవుననా?"

"అవుననండి."

ఆయన సంతకం చేసేరు. నల్లకోటు ఆయన గొడుగు తీసుకున్నాడు.

దారంతా ఆవిడ అందరికంటే వెనకాల నడిచింది. మిగతావాళ్ళు పండగలా కేకలేస్తూ ముందు పోయేరు. మెరక చేరగానే తిన్నగా మా పాకలోకొచ్చి, కూచుని, పొయ్యి పక్క మేకుని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి పీకింది. పొయ్యిలో పెట్టింది. అది రాజుకున్నాక దానిమీదే చుట్ట ముట్టించుకుని బయటికెళ్ళింది. కొబ్బరి మొక్కలు తీసుకుపోడానికి ఎవరూ రాలేదు. ఇంటికి కొన్ని చొప్పున మేమే పాతుకున్నాం.

పక్క ఊళ్ళవాళ్ళకి మా కొత్త పేరు మహా సరదా అయింది. ఎక్కడికెళ్ళినా "ఏవండోయ్, విన్నానోళ్ళొచ్చేరు" అనేవారు. దొడ్డోళ్ళు అనడం కంటే నయమే కదా అని మేం నవ్వేవాళ్ళం. ఆ పేరుతో ఎవరు పలకరించినా పెద్దత్తగారు మాత్రం చుట్ట తీసి, "విన్నానండి" అని ఊరుకునేది. దాన్ని ఊరి పేరుగా ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆయ్ కూడా మళ్ళీ వినలేదు.

కానీ ఆ రోజు నేను విన్నది ఇంకొకటుంది. ఎవరికీ చెప్పలేదు. మేకుతో చుట్ట ముట్టించుకుని వెళ్ళిన మనిషి ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళేను. ఆల్చిప్పల దగ్గర చతికిలబడి కూచుని ఉంది. నేను వెనక ఉన్నట్టు చూసుకోలేదు.

"నాన్నా, ఆయ్ అన్నాను" అంది. కాసేపాగి, "గానీ..." అంది.

ఆ తరవాత ఎంతసేపు నించున్నా ఇంకో మాట వినపడలేదు. బొటనవేలు మాత్రం ఇసకలో గీత గీస్తోంది.

మొన్న బస్సులో కండక్టరు "విన్నానపాలెం" అని కేకేస్తే నేను దిగిపోయేను. మేష్టారితో ఏం చెప్పలేదు. మూడో తరగతిదాన్ని, ముందు సీటువాళ్ళతో వాదించే ధైర్యం నాకెక్కడిది. ఇంటికొచ్చి మనవరాలి పాత పుస్తకంలో మిగిలిన కాగితాలు చింపుకుని ఇదంతా రాసేను. తండ్రీ కూతురూ ఇద్దరూ మింగేసిన ఆ 'గానీ' తరవాత రావలసిన మాట ఒకటే ఉంది. ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఇందులో రాస్తున్నాను.

నీరాగమెరక.